వాల్వు యాంప్లిఫైయర్, అయిదు వేసవులు, ఒక మైనం కండెన్సర్

ఇంటికి వచ్చినవాళ్లు నా పాత వాల్వు యాంప్లిఫైయర్ని (ట్రాన్సిస్టర్లకి బదులు గాజు వాల్వులతో పాటని పెంచే సెట్టు) చూడగానే "సౌండ్ ఎలా ఉంటుందండీ?" అని అడుగుతారు. నాకు మాత్రం సౌండ్ కంటే ముందు చిటికెన వేలంత కండెన్సర్ (కరెంటు చార్జిని నిలవ ఉంచే విడిభాగం) ఒకటి గుర్తొస్తుంది. ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దాన్ని పారేయకుండా అగ్గిపెట్టెలో దాచాను, అప్పుడప్పుడు తీసి తిట్టుకోవడానికి.

మా మేనమామ తెనాలిలో మైక్‌సెట్టు నడిపేవారు. పెళ్లిళ్లు, నవమి పందిళ్లు, నాటకాలు, ఎన్నికల మీటింగులు అన్నిటికీ ఆయన హారన్లే. ట్రాన్సిస్టర్ సెట్లు వచ్చాక ఈ వాల్వు సెట్టు అటక ఎక్కింది. 2019లో ఆ ఇల్లు పడగొట్టేటప్పుడు పాత ఇనుము వాడికి పోకుండా నేను బెజవాడ తెచ్చుకున్నాను. అవుట్‌పుట్‌లో స్పీకర్ని నడిపే ఈఎల్84 వాల్వులు రెండు, వాటికి ముందు పాటని పెంచే చిన్న ఈసీసీ83 వాల్వులు. మిగతా వివరాలు ఇలాంటి సెట్లు తెలిసినవాళ్లకు కొత్తేమీ కాదు.

మరుసటి ఏడు లాక్‌డౌన్‌లో బాగుచేయడం మొదలుపెట్టాను. ఎన్నో ఏళ్లుగా కరెంటు చూడని సెట్టుని నేరుగా ప్లగ్గులో పెట్టకూడదన్న మాట మాత్రం గట్టిగా పాటించాను. 60 వాట్ల బల్బుని సీరీస్‌లో వేసి, అంటే సెట్టుకి వెళ్లే కరెంటు బల్బులోంచే పోయేలా కలిపి, ఆన్ చేశాను. బల్బు ఒక్కసారి వెలిగి నెమ్మదిగా మసకబారితే గండం గడిచినట్టు, అలాగే భగభగా వెలుగుతూ ఉంటే లోపల ఎక్కడో షార్ట్. (ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. ఫిలమెంటు బల్బే కావాలి, అది దొరకడానికే నాలుగు కొట్లు తిరిగాను.) పవర్ సప్లైలో పెద్ద కండెన్సర్లు మార్చాను. రెండు పిన్నుల పాత వైరు తీసేసి, ఎర్త్‌తో మూడు పిన్నుల కేబుల్ వేశాను.

చేసిన తప్పు ఇక్కడే ఉంది. వాల్వుకీ వాల్వుకీ మధ్య కప్లింగ్ కండెన్సర్లుంటాయి. ముందు వాల్వు ప్లేటు (వాల్వు లోపలి రేకు) మీదున్న హై వోల్టేజిని ఆపి, పాటని మాత్రం అవతలికి వదలడం వాటి పని. ఇందులో ఉన్నవి మైనం పూసిన కాగితపు రకం. విప్పి మీటర్ పెడితే 0.047 మైక్రోఫారడ్లు ఉండాల్సింది 0.058 చూపించింది. ఇన్నేళ్లకీ విలువ తగ్గలేదు సరికదా పెరిగిందని మురిసిపోయి, మళ్లీ అతికించేశాను. లీకయ్యే, అంటే ఆపాల్సిన వోల్టేజిని వదిలేసే కండెన్సర్ చాలాసార్లు మీటర్‌కి ఎక్కువే చూపిస్తుందని నాకు తర్వాత తెలిసింది. పైగా మొదటి ఏడాదంతా, పాత మైనం కండెన్సర్ల వల్లే ఆ గొంతుకి అంత నిండుదనం వస్తోందని కనపడినవాళ్లందరికీ చెప్పాను. ఇద్దరు ముగ్గురు నమ్మారు కూడా. వాళ్లకి క్షమాపణ.

మొదటి రెండేళ్లు నిజంగానే హాయిగా గడిచాయి. ఇది మోనో సెట్టు, స్టీరియోలా ఎడమ, కుడి అని రెండు దారులుండవు. ఘంటసాల పాత రికార్డులూ మోనోవే కాబట్టి లోటేమీ అనిపించలేదు. గ్రామఫోన్ ఇన్‌పుట్‌ని ఆ రోజుల క్రిస్టల్ పికప్‌ల కోసం పెట్టారు. ఇప్పటి మ్యాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌కి మధ్యలో ఫోనో ప్రీయాంప్ (సన్నటి సిగ్నల్ని ముందే పెంచే పెట్టె) లేకపోతే దోమ పాడినట్టు వినపడుతుంది. అది పెట్టుకున్నాక పద్యం ఎత్తుకుంటే ఆ మనిషి హాల్లో కూర్చున్నట్టే ఉండేది.

2022 మే నెల, ఒక ఆదివారం మధ్యాహ్నం. బయట 43 డిగ్రీలు. ముప్పావుగంట పాడాక గొంతు బొంగురుపోయింది, వెనక గుయ్యిమని మోత మొదలైంది. వెళ్లి చూస్తే, పుస్తకాల షెల్ఫులో ఉన్న ఆ సెట్టులో ఒక ఈఎల్84 ప్లేటు కుంపట్లో బొగ్గులా ఎర్రగా ఉంది. వాల్వు లోపల ఫిలమెంటు నారింజ రంగులో వెలగడం మామూలే, అదే అందం. ప్లేటు ఎర్రబడిందంటే మాత్రం ప్రమాదం. గబగబా ప్లగ్గు పీకేశాను.

చల్లారాక తిరగేసి, అడుగు రేకు విప్పి, ఫ్యాన్ కింద పెట్టి మళ్లీ ఆన్ చేశాను. అంతా మామూలే! కేథోడ్ (వాల్వులో ఎలక్ట్రాన్లు బయల్దేరే చోటు) దగ్గరున్న 270 ఓముల రెసిస్టెన్స్ మీద 10.5 వోల్టులు, అంటే 39 మిల్లీ ఆంపియర్లు, ఉండాల్సినంతే. గ్రిడ్ (వాల్వులో కరెంటుని అదుపు చేసే తీగ వల) దగ్గర సున్నా. గంటసేపు పాడింది, కిక్కురుమనలేదు. రేకు బిగించి షెల్ఫులో పెట్టాను. నలభై నిమిషాల్లో మళ్లీ ఎరుపు.

నెలన్నర పాటు ఇదే తంతు. విప్పితే బుద్ధిమంతుడు, మూస్తే రాక్షసుడు. "ఇంట్లో ఉన్న పొయ్యి చాలదా?" అని మా ఆవిడ రోజూ అడిగేది.

ముందు ఇంటి కరెంటు మీద అనుమానపడ్డాను. అర్ధరాత్రి మా లైన్లో 245 వోల్టులు ఉంటోంది. సెట్టు వెనక ట్యాప్ (లైన్ వోల్టేజికి తగ్గట్టు మార్చుకునే ఏర్పాటు) 220 దగ్గరుంది. ఆ లెక్కన ఫిలమెంటుకి 6.3 బదులు 7 వోల్టులు పోతోంది, హై వోల్టేజి కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ట్యాప్ 240కి మార్చాను. ఈ మార్పు ఎలాగూ చేయాల్సిందే, మీ దగ్గర పాత సెట్టుంటే ఇవాళే చూసుకోండి. అయినా ఎరుపు పోలేదు, కాస్త ఆలస్యంగా వచ్చిందంతే.

తర్వాత వాల్వు పోయిందనుకున్నాను. పాతవి బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ తయారీ, ఇప్పుడు అవి అక్కడ తయారు కావడం లేదు. స్లొవేకియా వాల్వుల జత తెప్పిస్తే కొరియర్‌తో కలిపి నాలుగు వేలు దాటింది. పెట్టాక అదే సాకెట్లో కొత్త వాల్వూ ఎర్రబడింది. అప్పటికి గాని రెండు వాల్వుల్నీ ఒకదాని చోట ఒకటి మార్చి చూడాలన్న ఆలోచన రాలేదు. ఎరుపు వాల్వుతో పాటు పోతే తప్పు వాల్వుది, అదే సాకెట్లో ఉండిపోతే తప్పు సర్క్యూట్‌ది. రూపాయి ఖర్చులేని ఈ పరీక్షని నాలుగు వేలు పోశాక చేశాను. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ని ఆటోనగర్‌లో వైండింగ్ షాపుకి కూడా మోసుకెళ్లాను. దానికేం రోగం లేదని పంపేశారు, డబ్బులు కూడా తీసుకోలేదు.

చివరికి మేనమామ దగ్గర ఒకప్పుడు పనిచేసిన మెకానిక్ బాబాయిని గుంటూరు నుంచి పిలిపించాను. డెబ్బై దాటాయి, చెయ్యి కొంచెం వణుకుతుంది గాని సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే వణకదు. నేను రాసుకున్న అంకెల కాగితం చూసి నవ్వారు.

"జ్వరం దిగినాక థర్మామీటర్ పెడితే ఏం దొరుకుద్దయ్యా? విప్పి ఫ్యాన్ కింద పెట్టావంటున్నావు."

ముందు ఆపేసి, పెద్ద కండెన్సర్లలో మిగిలిన చార్జిని ఒక రెసిస్టెన్స్ పెట్టి దించేశారు. స్విచ్ ఆపినా అందులో 300 వోల్టులు కూర్చునే ఉంటాయి, అది మర్చిపోయినవాళ్లకి మర్చిపోలేని దెబ్బ తగులుతుంది. ఆ సాకెట్ గ్రిడ్ దగ్గర మీటర్ వైర్లు కొక్కేలతో తగిలించి, ఆన్ చేసి, చేతులు దూరంగా పెట్టుకోమన్నారు. సున్నా. అప్పుడు వేడి సోల్డరింగ్ ఐరన్ని మైనం కండెన్సర్ పక్కన, తగలకుండా, వేలెడు దూరంలో పట్టుకున్నారు. మైనం మెరిసింది. రెండు నిమిషాల్లో మీటర్ 1 చూపించింది, తర్వాత 4, తర్వాత 10. కేథోడ్ మీద 19 వోల్టులు, అంటే 70 మిల్లీ ఆంపియర్లు. నా కళ్ల ముందే ప్లేటు ఎర్రబడింది.

ఆపేసి, కండెన్సర్‌కి గ్రిడ్ వైపున్న కాలు ఊడదీసి, ఆ కాలికే మీటర్ పెట్టి మళ్లీ వేడి చేశారు. ఈసారి 100 వోల్టులు దాటింది! మంచి కండెన్సరైతే ముల్లు ఒక్కసారి ఎగిరి సున్నాకి రావాలి. ఇందులోంచి అవతలి ప్లేటు వోల్టేజి కారి గ్రిడ్ మీద పడుతోంది, అందుకే వాల్వులో కరెంటు పెరిగి ప్లేటు ఎర్రబడుతోంది. ఎండాకాలం, మూసిన షెల్ఫు, కింద వాల్వుల సెగ. ఆ వేడికి కాగితం లీకవుతుంది, చల్లబడగానే ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. నేను ఫ్యాన్ గాలి కొడుతూ దాన్ని కాపాడుకుంటూ వచ్చాను.

630 వోల్టుల పాలిస్టర్ కండెన్సర్లు గవర్నర్‌పేటలో అప్పట్లో ఒక్కోటి పదిహేను రూపాయలు. అన్నీ మార్చేశాం. "రెండోది బాగానే ఉందిగా బాబాయ్, ఉంచుదామా?" అన్నాను. ఆయన సమాధానం చెప్పకుండా కట్టర్ అందుకున్నారు.

మార్చాక వింటే గొంతు నిండుదనం ఏమీ పోలేదు. నిజం చెప్పాలంటే మృదంగం ఇంకాస్త స్పష్టంగా ఉంది. మైనం గురించి నేను చెప్పిందంతా చెవుల కంటే కళ్లతో విన్నదే.

ఆ తర్వాత గడిచిన వేసవుల్లో ఒక వాల్వు సాకెట్ పిన్ను వదులైంది, అంతే. సన్నటి హమ్మింగ్ మాత్రం రాత్రి ఇల్లంతా నిశ్శబ్దమయ్యాక స్పీకర్ దగ్గర వినపడుతుంది. అది అసలు వినపడదని ఒకప్పుడు అందరికీ చెప్పేవాణ్ని, ఆ మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. పాట లేకపోయినా డెబ్బై వాట్ల దాకా లాగుతుంది, ఆ కరెంటంతా వేడిగా గదిలోకే వస్తుంది.

ఇలాంటిది కొనుక్కోమంటారా అని ఎవరైనా అడిగితే నా పరిస్థితి వేరు. నాది ఊరికే వచ్చిన సెట్టు, మేనమామ చేతిరాతతో వెనక పేరున్న సెట్టు, పిలిస్తే వచ్చే బాబాయి ఉన్నాడు. ఈ మూడూ లేకుండా వేలు పోసి కొనేవాళ్లకు నేనేం చెప్పలేను. హై వోల్టేజి అంటే టెన్షన్ పడేవాళ్లు, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు వద్దు. ఓపికుండి, పది పన్నెండు వాట్లు చాలనుకునేవాళ్లు అడుగు రేకు విప్పగానే మైనం రంగు కనిపిస్తే మీటర్ జోలికి పోకుండా కట్టర్ తీసుకోండి.

ఇప్పుడు దీన్ని షెల్ఫులోంచి తీసి కిటికీ పక్కన బల్ల మీద పెట్టాను. రోహిణి కార్తె పదిహేను రోజులూ మధ్యాహ్నం పూట ఆన్ చేయను. దాని కోసం కాదు, మా ఆవిడ కోసం.