రోల్ బ్యాక్ డ్రైవర్: విండోస్‌లోని ఈ పాత బటన్‌ను ఏళ్ల తరబడి వాడాక

డ్రైవర్ (ఒక పరికరాన్ని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశాక వైఫై పోయిందనో, స్పీకర్ మూగబోయిందనో, స్క్రీన్ మినుకుమినుకుమంటోందనో ఎవరు అడిగినా నా జవాబు ఒక్కటే: ఇంకేదీ ముట్టుకోకుండా ముందు ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కండి, కొత్త డ్రైవర్ పోయి అంతకుముందున్నది తిరిగొస్తుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన ఈ బటన్ విండోస్ 11లోనూ అదే పేరుతో, పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో అదే డ్రైవర్ ట్యాబ్‌లో ఉంది. చుట్టూ మెనూలన్నీ మారిపోయినా దీన్ని ఎవరూ కదిలించలేదు. డ్రైవర్ల విషయంలో విండోస్ ఇచ్చిన సదుపాయాల్లో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది దీన్నే.

దీని విలువ పూర్తిగా తెలిసేది వైఫై డ్రైవర్ చెడినప్పుడు. విండోస్ అప్‌డేట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో ఆప్షనల్ అప్‌డేట్స్, దాని కింద డ్రైవర్ల జాబితా ఉంటుంది. అక్కడ కొత్త వైఫై డ్రైవర్ కనిపిస్తే టిక్ పెట్టేస్తాం. రీస్టార్ట్ అయ్యాక టాస్క్‌బార్‌లో వైఫై గుర్తు ఉండాల్సిన చోట గ్లోబు బొమ్మ వస్తుంది. డివైస్ మేనేజర్ తెరిస్తే నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద పసుపు త్రికోణం, ప్రాపర్టీస్‌లో ‘ఈ పరికరం మొదలు కాలేదు, కోడ్ 10’ అనే అర్థంతో ఒక వాక్యం. ఇక్కడే అసలు ఇరకాటం మొదలవుతుంది. పాత డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే పాత డ్రైవర్ కావాలి. ఈమధ్య వచ్చే సన్నటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి లాన్ కేబుల్ పెట్టుకునే రంధ్రం కూడా ఉండదు.

రోల్ బ్యాక్‌కు నెట్‌తో పనే లేదు. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి, ఆ తర్వాత ఎం నొక్కితే డివైస్ మేనేజర్ వస్తుంది. వైఫై అడాప్టర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్. అక్కడున్న వెర్షన్ నంబరును ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి, తర్వాత చాలా అవసరం పడుతుంది. రోల్ బ్యాక్ నొక్కితే కారణం అడుగుతుంది, ఏది ఎంచుకున్నా ఫలితంలో తేడా ఉండదు. ఎస్ అన్నాక స్క్రీన్ ఒకటి రెండు క్షణాలు ఆగుతుంది, ట్యాబ్‌లో వెర్షన్ మారుతుంది. చాలాసార్లు రీస్టార్ట్ కూడా అవ్వకముందే వైఫై పేర్ల జాబితా వచ్చేస్తుంది. మొత్తం పని నిమిషంలోపే.

ఇంత తేలిగ్గా ఎలా అవుతుందంటే, కొత్త డ్రైవర్ వచ్చినప్పుడు విండోస్ పాతదాన్ని చెరిపేయదు. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్‌స్టోర్, ఫైల్ రిపాజిటరీ అనే దారిలో ప్రతి డ్రైవర్ ప్యాకేజీకి ఒక్కో ఫోల్డర్ ఉంటుంది. పాతవీ కొత్తవీ అక్కడ పక్కపక్కనే పడి ఉంటాయి. ఇంతకుముందు ఈ పరికరానికి ఏ ప్యాకేజీ కట్టి ఉందో విండోస్ గుర్తుపెట్టుకుని, బటన్ నొక్కగానే దాన్నే మళ్లీ కడుతుంది. ఆ తర్వాత ఒకసారి రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం సరిపోదు. త్వరగా ఆన్ అయ్యేందుకు విండోస్‌లో ఉండే ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు కెర్నల్ (విండోస్ మూల భాగం) స్థితి, అందులో లోడ్ అయి ఉన్న డ్రైవర్లతో సహా, డిస్క్ మీదకు వెళ్లి మళ్లీ అలాగే తిరిగొస్తుంది. రీస్టార్ట్ మాత్రమే మొదటి నుంచి లోడ్ చేస్తుంది.

ఇక పైన చెప్పిన మెప్పుకు షరతులు. ఈ బటన్ ఒక్క మెట్టే వెనక్కి దిగుతుంది. వరుసగా రెండు అప్‌డేట్లు పడి, రెండూ పాడువే అయితే, బటన్ తీసుకెళ్లేది మొదటి పాడు వెర్షన్ దగ్గరకే. మూడు అప్‌డేట్ల కిందటి మంచిది డ్రైవర్‌స్టోర్‌లో ఉన్నా బటన్‌కు కనబడదు. దొరికిన డ్రైవర్‌నల్లా ఎక్కించేస్తామనే ఆటోమేటిక్ డ్రైవర్ అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్లంటే నాకు గిట్టకపోవడానికి మొదటి కారణం ఇదే. ఒకే స్కాన్‌లో పది పరికరాలకు కొత్త డ్రైవర్లు పెట్టి, వారం తిరక్కముందే మళ్లీ ఇంకో వెర్షన్ పెడితే వెనక్కి వచ్చే మెట్టు పోతుంది. రెండో కారణం, పరికరం హార్డ్‌వేర్ ఐడీలో తయారీదారు, చిప్ నంబర్లతో పాటు ‘సబ్‌సిస్’ అనే భాగం ఒకటి ఉంటుంది. ఆ చిప్‌ను ఏ కంపెనీ ఏ మోడల్ బోర్డు మీద ఎలా కట్టిందో చెప్పేది అదే. దాన్ని పట్టించుకోకుండా చిప్ పేరు చూసి పెట్టిన సౌండ్ డ్రైవర్‌తో స్పీకర్ వస్తుంది గానీ మైక్ రాదు, లేదా హెడ్‌ఫోన్ పెట్టినా ల్యాప్‌టాప్ స్పీకరే మోగుతుంది. ఒకసారికి ఒకే పరికరం, అది రెండు మూడు రోజులు సరిగా నడిచాకే ఇంకొకటి. ఈ పద్ధతి పాటిస్తే ఒక్క మెట్టు చాలు.

అందరికీ కోపం తెప్పించేది బటన్ బూడిదరంగులో చచ్చుబడి ఉండటం. ఎక్కువమంది విషయంలో దీనికి కారణం నొక్కిన వరుస. వైఫై పోగానే కంగారులో ‘అన్‌ఇన్‌స్టాల్ డివైస్’ నొక్కేస్తారు. పరికరం నమోదు పోయింది కాబట్టి దాంతోపాటు ‘ఇంతకుముందు ఏది’ అనే సమాచారమూ పోతుంది. మళ్లీ స్కాన్ చేసినప్పుడు విండోస్ అదే కొత్త డ్రైవర్‌ను తెచ్చి కట్టి, ఇదే మొదటిది అనుకుంటుంది. విండోస్ పెద్ద వెర్షన్ మారినప్పుడు, ఉదాహరణకు 23హెచ్2 నుంచి 24హెచ్2కు వెళ్లాక, బటన్ చాలాసార్లు ఇలాగే ఉంటుంది. డిస్క్ క్లీనప్‌లో ‘డివైస్ డ్రైవర్ ప్యాకేజెస్’ అనే గడి టిక్ చేసి ఉంటే పాత ప్యాకేజీలే ఎగిరిపోతాయి. కొద్దిపాటి జాగా కోసం ఆ గడి మాత్రం టిక్ చేయకండి.

బటన్ చచ్చినా డ్రైవర్‌స్టోర్‌లో పాత ప్యాకేజీ బతికే ఉంటే వేరే తోవ ఉంది. అదే డ్రైవర్ ట్యాబ్‌లో అప్‌డేట్ డ్రైవర్, తర్వాత ‘బ్రౌజ్ మై కంప్యూటర్’, ఆ కింద ‘లెట్ మీ పిక్’ అని మొదలయ్యే వరుస. ‘షో కంపాటిబుల్ హార్డ్‌వేర్’ టిక్ అలాగే ఉంచాలి, తీసేస్తే సంబంధం లేని వందల పేర్లు వస్తాయి. ఒకే పరికరం పేరు వేర్వేరు వెర్షన్లతో రెండు మూడుసార్లు కనిపిస్తుంది. అప్‌డేట్‌కు ముందున్న వెర్షన్ ఎంచుకుని నెక్స్ట్ నొక్కండి. ఏది ఎప్పుడు మారిందో తెలియకపోతే ప్రాపర్టీస్‌లోనే ఈవెంట్స్ ట్యాబ్ చూడండి. పరికరానికి ఏ రోజు ఏ గంటకు ఏ ఓఈఎం నంబరు ఐఎన్‌ఎఫ్ ఫైలు (డ్రైవర్ ప్యాకేజీ వివరాలుండే ఫైలు) కట్టారో వరుసగా ఉంటుంది. సమస్య మొదలైన రోజుకు ముందున్న నమోదులో కనిపించేదే మీకు కావాల్సిన డ్రైవర్.

వెర్షన్ చూడమంటున్నాను, తేదీ కాదు. మైక్రోసాఫ్ట్ తనతో పాటు ఇచ్చే చాలా డ్రైవర్లకు కావాలనే 2006 జూన్ 21 అని తేదీ వేస్తుంది. ఇంటెల్ చిప్‌సెట్ ఐఎన్‌ఎఫ్‌లలో 1968 జులై 18 కనిపిస్తుంది, అది ఇంటెల్ పుట్టిన రోజు. విండోస్ సరిసమానమైన రెండు డ్రైవర్లలో ఒకటి ఎంచుకునేటప్పుడు ముందు తేదీ చూస్తుంది. మామూలు డ్రైవర్ వచ్చి తయారీదారు ఇచ్చిన ప్రత్యేక డ్రైవర్‌ను తోసేయకూడదనే తేదీలు అంత వెనక్కి వేస్తారు. ఆ తేదీ చూసి ‘పాతబడిపోయింది’ అని భయపడి అప్‌డేట్ చేయడం చెడగొట్టుకోవడమే. ఎన్‌విడియా కార్డుకైతే వెర్షన్‌లో చివరి అయిదు అంకెలు చూడాలి: 31.0.15.3623 అంటే వాళ్ల సైట్‌లో 536.23.

బటన్ మీద నాకున్న అసలు ఫిర్యాదు వేరే ఉంది. అది వెనక్కి తెచ్చిన డ్రైవర్‌ను విండోస్ అప్‌డేట్ గౌరవించదు. నెట్ రాగానే కొత్తదాన్నే మళ్లీ దించి, రాత్రికి రాత్రి ఎక్కించేయొచ్చు. అందుకే వైఫై తిరిగొచ్చిన వెంటనే సెట్టింగ్స్‌లో అప్‌డేట్లను వారం పాటు పాజ్ చేయండి. ఈలోపు శాశ్వత ఏర్పాటు చేసుకోవచ్చు. ప్రో ఎడిషన్‌లో విండోస్ నియమాలు మార్చే గ్రూప్ పాలసీ ఎడిటర్ తెరిచి, కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపొనెంట్స్, విండోస్ అప్‌డేట్ దగ్గర ‘డు నాట్ ఇన్‌క్లూడ్ డ్రైవర్స్ విత్ విండోస్ అప్‌డేట్స్’ను ఎనేబుల్ చేయాలి. హోమ్ ఎడిషన్‌లో ఆ ఎడిటర్ ఉండదు. దీంతో అన్ని డ్రైవర్లూ ఆగిపోతాయి, భద్రతా లోపాలు సరిచేసేవి కూడా. కాబట్టి రెండు మూడు నెలలకోసారి ల్యాప్‌టాప్ తయారీదారు సైట్‌లో మోడల్ నంబరు కొట్టి చూసుకునే ఓపిక ఉన్నవాళ్లే ఈ పాలసీ పెట్టుకోవాలి.

ఆ ఓపిక ఉన్నవాళ్లకు ఇంకో పని కూడా చెబుతాను. కంప్యూటర్ అంతా బాగున్న రోజున డ్రైవర్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోండి. ముందు పెన్‌డ్రైవ్‌లో ఖాళీ ఫోల్డర్ ఒకటి చేయాలి, అది లేకపోతే కమాండ్ ఒప్పుకోదు. కమాండ్లు కొట్టే టెర్మినల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పీఎన్‌పీయుటిల్ (pnputil) అని కొట్టి, ఖాళీ వదిలి స్లాష్, దాన్ని ఆనుకుని ఎక్స్‌పోర్ట్ హైఫన్ డ్రైవర్, మళ్లీ ఖాళీ వదిలి నక్షత్రం గుర్తు, ఖాళీ, ఆ ఫోల్డర్ దారి. బయటి డ్రైవర్లన్నీ కొన్ని నిమిషాల్లో అందులోకి వచ్చేస్తాయి. గ్రాఫిక్స్ ప్యాకేజీ ఒక్కటే జీబీ దాటొచ్చు కాబట్టి 16 జీబీ పెన్‌డ్రైవ్ ఉంటే నిశ్చింత. తిరిగి ఎక్కించేటప్పుడు అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్, ఆ ఫోల్డర్ చూపించి ‘ఇన్‌క్లూడ్ సబ్‌ఫోల్డర్స్’ టిక్ చేస్తే చాలు. విండోస్‌తో వచ్చిన సొంత డ్రైవర్లు ఈ కాపీలోకి రావు, వాటి అవసరమూ ఉండదు. కాపీ లేదు, బటనూ పనిచేయడం లేదు అంటే, ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో పెట్టి ఫోన్ నెట్‌ను కంప్యూటర్‌కు ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. దానికి కావాల్సిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది, నెట్ వస్తుంది.

గ్రాఫిక్స్ దగ్గర నా మెప్పు ఇంకాస్త తగ్గుతుంది. ఇప్పటి గ్రాఫిక్స్, సౌండ్ డ్రైవర్లు ఒక్క ముక్కగా రావు. మూల డ్రైవర్ ఒకటి, తయారీదారు మార్పులు కలిపే ఎక్స్‌టెన్షన్ ఒకటి, మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వచ్చే కంట్రోల్ యాప్ ఇంకొకటి. బటన్ మూల డ్రైవర్‌ను వెనక్కి తెస్తుంది, యాప్ మాత్రం కొత్త వెర్షన్‌లోనే మిగిలిపోతుంది. రెండింటికీ పొసగక కంట్రోల్ ప్యానెల్ తెరుచుకోకపోవచ్చు. స్క్రీన్ నల్లబడితే ముందు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ కలిపి నొక్కండి, గ్రాఫిక్స్ డ్రైవర్ అక్కడికక్కడే రీసెట్ అవుతుంది. దాంతో తేలకపోతే సేఫ్ మోడ్, అంటే కనీస డ్రైవర్లతోనే విండోస్ తెరవడం. లాగిన్ తెర దగ్గర షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆపై 4. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే ఈ దారిలో 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో డ్రైవర్ ముట్టుకోకముందే చూసుకోవాలి. సేఫ్ మోడ్‌లోనూ డివైస్ మేనేజర్ తెరుచుకుంటుంది, రోల్ బ్యాక్ పనిచేస్తుంది. అయినా గేమింగ్ కార్డున్న డెస్క్‌టాప్‌కైతే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే బయటి సాఫ్ట్‌వేర్‌తో సేఫ్ మోడ్‌లో, నెట్ తీసేసి, మొత్తం ఊడ్చి, ముందే దించి పెట్టుకున్న పాత వెర్షన్‌ను వేయడమే నాకు నమ్మకం.

డిస్క్‌ను నడిపే స్టోరేజ్ కంట్రోలర్ డ్రైవర్ చెడితే విండోస్ తెరుచుకోనే తెరుచుకోదు, ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అనే నీలం తెర వస్తుంది. అప్పుడు ఈ బటన్ దాకా వెళ్లే దారే లేదు. రికవరీ తెర నుంచి సిస్టమ్ రిస్టోర్ (విండోస్‌ను ముందు దాచుకున్న స్థితికి తీసుకెళ్లేది) చేయడమే మామూలు వాడకందారుకు తేలికైన తోవ. చాలా ల్యాప్‌టాప్‌లలో అది ఆఫ్‌లో వస్తుంది కాబట్టి ముందే ఆన్ చేసి, డ్రైవర్ మార్చే ముందు ఒక రిస్టోర్ పాయింట్ పెట్టుకోవాలి. ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) విభాగంలో కనిపించేవాటికి ఈ బటన్‌ను నమ్ముకోవద్దు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయి, హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చిన రోజున కూడా ఇది అక్కరకు వచ్చేది కాదు. అక్కడ మారింది డ్రైవర్ వెర్షన్ కాదు, ఆ డ్రైవర్ చదివే డేటా ఫైలు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది.

ఇంట్లో ఒక ల్యాప్‌టాప్, దాని మీదే ఆఫీసు పనీ పిల్లల క్లాసులూ అయితే వైఫై, బ్లూటూత్, సౌండ్, టచ్‌ప్యాడ్ సమస్యలకు నేను ఇప్పటికీ ఈ బటన్‌కే మొదటి ఓటు వేస్తాను. ఆఫీసు ఇచ్చిన మెషీన్ అయితే అడ్మిన్ హక్కులు మీకు ఉండవు, బటన్ కనిపించినా నొక్కనివ్వదు. అలాంటప్పుడు ఈవెంట్స్ ట్యాబ్ ఫొటో తీసి ఐటీ వాళ్లకు పంపితే వాళ్లకు సగం పని తగ్గుతుంది. నా వాడకం ఎక్కువగా ఇంటెల్ వైఫై ఉన్న ల్యాప్‌టాప్‌ల మీద సాగింది. ఆర్మ్ ప్రాసెసర్‌తో వస్తున్న కొత్త మెషీన్లున్నవాళ్లు నా మాటను ఆ మేరకే తీసుకోవాలి.