6,500 పోసి కొన్న వంశవృక్షం, ఉచితంగా దొరికిన ముత్తాత

చెన్నైలో 'మీ వంశవృక్షం తీసిపెడతాం' అని ప్రకటన చూసి ఒక సర్వీసుకి డబ్బు కట్టాను, ఇది దాని రివ్యూ. పేరు రాయను. ఆ కుర్రాళ్ళు మోసగాళ్ళేం కాదు, తెలియనితనం అంతే, పైగా జరిగిన తప్పులో నా వాటా కూడా ఉంది. కాకపోతే 6,500 రూపాయలకి నా చేతికొచ్చింది మాత్రం వేరేవాళ్ళ తాత.

మాది కందుకూరు దగ్గర పల్లె. ముత్తాత 1930ల మొదట్లో మద్రాసు వచ్చి జార్జిటౌన్‌లో ఒక బట్టల కొట్లో గుమాస్తాగా చేరాడు, అప్పట్నుంచీ మేం ఇక్కడే, ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా ఇంట్లో చెప్పుకునే కథేంటంటే, ముత్తాత అన్నని ఎవరికో దత్తతిచ్చారు, దాని మీద కోర్టు గొడవలయ్యాయి, పొలం పోయింది, ఈయన వ్యాపారం చేసుకుందామని మద్రాసు రైలెక్కాడు. ఎవరికి దత్తత, ఏ పొలం, ఎవరు గెలిచారు అని అడిగితే మా పెద్దత్త "ఆడపిల్లలం, మాకెందుకు చెప్తార్రా అవన్నీ" అంటుంది. నాన్నకి డెబ్బై ఆరు. ఆయనుండగానే తేల్చాలని నా తొందర.

ఆరు వారాలకి పార్సిల్ వచ్చింది. ప్యాకింగ్‌కి అయిదు స్టార్లు ఇవ్వచ్చు. లామినేట్ చేసిన పెద్ద షీటు, దాని మీద మర్రిచెట్టు, ఊడల చివర పేర్లు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి "ఎవర్రా వీళ్ళు?" అన్నాడు. ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు కలిశాయి, మిగతా ఊడలన్నీ గుంటూరు జిల్లాలో మేమెప్పుడూ వినని ఊరివి. ఫోన్ చేస్తే "సార్, పేరు మ్యాచ్ అయింది కద సార్, మళ్ళీ వెతకాలంటే ఇంకో 4,000 అవుతుంది" అన్నారు. మన తెలుగువాళ్ళ పేర్ల సంగతి తెలిసిన వాడెవడైనా పేరొక్కటీ కలిసిందని చెట్టు గీస్తాడా చెప్పండి, ప్రతి ఊళ్ళో నలుగురు వెంకటసుబ్బయ్యలుంటే!

నా తప్పు ఎక్కడంటే, వాళ్ళ ఫారంలో జిల్లా అన్న చోట ప్రకాశం అని రాశాను. ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో. అంతకుముందు ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది, కందుకూరు నెల్లూరు జిల్లాలో. ఆ గుంటూరు జిల్లా కూడా 1904లో వచ్చింది, అప్పటిదాకా ఒంగోలు సైతం నెల్లూరు కిందే. 2022లో కందుకూరుని మళ్ళీ నెల్లూరులో కలిపారు, ఆ తర్వాత కూడా మార్పులు జరిగాయనుకోండి, అది వేరే సంగతి. వాళ్ళు ప్రకాశం అంటే ఒంగోలు, ఒంగోలంటే అప్పట్లో గుంటూరు అని లెక్కేసుకుని ఆ జిల్లా కేసులన్నీ గాలించారు. మా కేసేమో నెల్లూరు సబ్ కోర్టులో నడిచింది. ఇలాంటి సర్వీసుకి డబ్బు కట్టబోయే వాళ్ళు ముందు ఒక్క ప్రశ్న అడగండి, "మా ఊరు 1930లో ఏ జిల్లాలో ఉంది?" అని. తడుముకుంటే ఫోన్ పెట్టేయండి.

తర్వాత నేనే కూర్చున్నాను. ఇండియన్ కానూన్ అని ఉచిత సైటు ఉంది, లాయర్లకి బాగా తెలుసు, మద్రాసు హైకోర్టు పాత తీర్పులు, 1862లో మొదలైన కోర్టు కదా, వందేళ్ళు దాటినవి కూడా అందులో చదవచ్చు. తేదీల మధ్య వెతికే వీలుంది. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టేదాకా నెల్లూరు, గుంటూరు, గోదావరి, విశాఖ అప్పీళ్ళన్నీ మన పారిస్ కార్నర్ పక్కనున్న ఆ ఎర్ర భవనానికే వచ్చేవి. పేరు కొట్టి వెతకడం మాత్రం దండగ. ఇంగ్లీషు స్పెల్లింగులు ఘోరం, వెంకటలో కె బదులు సి ఉంటుంది, అయ్య కాస్తా ఐయా అవుతుంది, ఇంటిపేరు రెండు ముక్కలవుతుంది. ఊరి పేరు, 'నెల్లూరు సబార్డినేట్ జడ్జి', 'దత్తత' ఈ మూడూ ఇంగ్లీషులో కొట్టి, 1925 నుంచి 1945 అని హద్దు పెట్టి, ఊరి పేరుని నాలుగు రకాలుగా మార్చి చూశాను. రెండో రోజు రాత్రి దొరికింది. ఫస్ట్ అప్పీలు, మా అదృష్టం. సెకండ్ అప్పీలైతే చట్టం పాయింట్ల మీదే నడుస్తుంది, ఫస్ట్ అప్పీల్లో సాక్ష్యమంతా మళ్ళీ తిరగేస్తారు, ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు ఎప్పుడు పోయారో అన్నీ వస్తాయి. ఇలాంటి ఆస్తి దావాల తీర్పుల్లో చాలాసార్లు మొదట్లోనే వంశవృక్షం వేసేస్తారు, జడ్జిగారికి అర్థం కావాలిగా.

గొడవ ఏంటంటే, పిల్లల్లేని ఒక వితంతువు మా ముత్తాత అన్నని దత్తత చేసుకుంది. అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో భర్త అనుమతి ఇచ్చి పోకపోయినా సపిండులు, అంటే దాయాదులు, ఒప్పుకుంటే వితంతువు దత్తత చేసుకోగలిగేది, 1868లో రామనాథపురం జమీందారీ కేసులో లండన్ ప్రివీ కౌన్సిల్, అంటే ఆ రోజుల్లో మనకి అన్నిటికన్నా పై కోర్టు, ఖాయం చేసిన సూత్రం అది. ఇక చూస్కోండి, ఒప్పుకున్నారా లేదా అని ఊరూరా దావాలే. మా కేసులో దాయాదులు మేం ఒప్పుకోలేదన్నారు, ఆమె అమ్మిన పొలం అమ్మకం కూడా తమ మీద చెల్లదన్నారు. ఆ పొలం కొన్నది ఎవరనుకున్నారు? దత్తుడికి స్వయానా తమ్ముడు, అంటే మా ముత్తాత. 3వ ప్రతివాది. ఆ వితంతువు 1వ ప్రతివాది, ఆమె పేరు మా ఇంట్లో ఎవరి నోటా ఇంతవరకూ వినలేదు, తీర్పులో మాత్రం మామగారి పేరుతో సహా ఉంది. దావా దాయాదులే గెలిచారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. తీర్పులో ఉన్నదంతా నిజం అనుకోకండి. వాది ఇలా అంటున్నాడు, ప్రతివాది అలా అంటున్నాడు అని పేజీలకి పేజీలుంటుంది, నేను మొదటిరోజు వాది ఆరోపణ చదివి మా ముత్తాత దొంగ దస్తావేజు సృష్టించాడని భయపడిపోయాను. చివర్లో జడ్జి తేల్చింది ఏదో అదే పట్టుకోవాలి. ఇంకోటి, లా రిపోర్టుల్లోకి, అంటే తీర్పులు అచ్చేసే సంపుటాల్లోకి, ఎక్కిన కేసులు కొన్నే. మీది దొరక్కపోతే కేసే లేదని కాదు.

తీర్పులో దావా నంబరు, 1931 అని సంవత్సరం ఉన్నాయి. అది పట్టుకుని పేపర్ల మీద పడ్డాను. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ వాళ్ళు పాత తెలుగు పత్రికల్ని స్కాన్ చేసి పెట్టిన పుణ్యం మామూలుది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టి, 1914లో మద్రాసు తెచ్చి దినపత్రిక చేసిన ఆంధ్రపత్రిక అందులో చూడచ్చు. స్కాన్లంటే బొమ్మలు కాబట్టి రోజురోజూ తిప్పుకుంటూ పోవాల్సిందే. మూడు వారాలు రాత్రిళ్ళు అదే పని. ప్రజోత్పత్తి నామ సంవత్సరం, అమృతాంజనం ప్రకటన, ఇంకో అమృతాంజనం ప్రకటన (పంతులుగారి కంపెనీయే కదా), సినిమా, వడ్ల ధర. ఆదివారాలు లజ్ దగ్గర ఆయన పేరే పెట్టిన పార్కులో బెంచీ మీద కూర్చుని ఫోన్లో ఆయన పేపరే చదివాను.

దొరికింది. కోర్టు నోటీసు, వేలెడంత. నెల్లూరు సబ్ కోర్టు, దావా నంబరు, 3వ ప్రతివాది మా ముత్తాత, తండ్రి పేరు, ఊరు అన్నీ సరిపోయాయి. సమన్లు అందకుండా తప్పించుకు తిరుగుతున్నందున ఫలానా తేదీకి హాజరు కావాలని ఇందుమూలముగా తెలియజేయడమైనది. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 5వ ఆర్డరు 20వ రూలు ఉంది, మనిషి దొరక్కుండా తిరుగుతుంటే సమన్లు ఇంకో మార్గంలో అందించడానికి, పేపర్లో వేయడం అందులో ఒకటి. అంటే ఈయన వ్యాపారం కోసం రైలెక్కలేదు! సమన్లు తెచ్చే కోర్టు బంట్రోతు నుంచి పారిపోయి వచ్చాడు.

నాన్నకి చూపించాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు కాఫీ తాగుతూ "అందుకేరా, మా తాత ఎవరైనా తలుపు కొడితే ముందు కిటికీలోంచి చూసేవాడు" అన్నాడు.

సర్వీసుకి ఒక స్టారు, అదీ లామినేషన్‌కి. ఇండియన్ కానూన్‌కి, ప్రెస్ అకాడమీ స్కాన్లకి ఎన్ని ఇచ్చినా తక్కువే. ఇప్పుడు నెల్లూరులో అసలు దావా తీర్పుకి సర్టిఫైడ్ కాపీ కోసం దరఖాస్తు పెడుతున్నాం. కేసులో లేని మూడో మనిషి అడిగితే కారణం చెప్తూ అఫిడవిట్ వేయాలి, కట్టలు మిగిలుంటే ఇస్తారు, కోర్టు కాగితాల్ని గడువు తీరాక తగలేయడానికి 1917 నుంచీ చట్టమే ఉంది. అఫిడవిట్ మీద సంతకం నాన్నే చేశాడు. 3వ ప్రతివాదికి మనవడు అని రాయించుకున్నాడు. మర్రిచెట్టు షీటు వెనకవైపు ఖాళీగానే ఉందని అసలు చెట్టు దాని మీదే స్కెచ్ పెన్నుతో గీస్తున్నాడు.