సీఏ చదవకుండా చుట్టాల రిటర్నులు వేస్తున్నా: ఎనిమిదేళ్ల అనుభవం

నేను అంబాజీపేటలో కొబ్బరి కొట్లో గుమస్తాని. చదివింది బీఏ. 2017 నుంచి రాజోలు దగ్గరున్న మావయ్యకీ, పిన్నికీ ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు ఆన్‌లైన్‌లో నేనే వేస్తున్నాను. డబ్బులు తీసుకోను.

సర్టిఫికెట్ లేకుండా వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. మామూలు రిటర్నుకి సీఏ అక్కర్లేదు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం మన తరఫున అధికారి ముందుకి బంధువు కూడా వెళ్లొచ్చు. ఆడిట్ రిపోర్టు మాత్రం సీఏనే ఇవ్వాలి.

పని బాగా తేలికైంది 2021 నవంబరులో ఏఐఎస్ (మన ఆదాయాల వివరాలన్నీ ఒకచోట చూపే ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖ పట్టిక) వచ్చాక. బ్యాంకు వడ్డీ, టీడీఎస్ (డబ్బిచ్చేవాళ్లు ముందే కోసే పన్ను) అన్నీ అందులోనే కనిపిస్తాయి. అంతకుముందు పిన్ని పాస్‌బుక్కులన్నీ ముందేసుకుని వడ్డీ కూడేవాణ్ణి.

మన ప్రాంతంలో చిక్కంతా పొలం దగ్గరే. వరి కౌలు, కొబ్బరి తోట ఆదాయం వ్యవసాయ ఆదాయమే, పన్ను లేదు. కానీ అది 5,000 రూపాయలు దాటితే ఐటీఆర్-1 అనే సులువు రిటర్ను ఫారం పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. పైగా వేరే ఆదాయం పన్ను పరిధిలోకి వస్తే, రేటు లెక్కకి ఈ వ్యవసాయ ఆదాయాన్నీ కలుపుతారు.

2023లో నేను తప్పు చేసింది ఇక్కడే. మావయ్య పొలంలో కొంత రొయ్యల చెరువుకి లీజుకిచ్చారు. తీసుకున్న కంపెనీ 36,000 టీడీఎస్ కోసింది. నేను ఆ లీజుని కూడా వరి కౌలుతో కలిపి వ్యవసాయం కింద చూపించి, మొత్తం వెనక్కి వస్తుందని చెప్పేశాను. దసరా తర్వాత మా కొట్టు లెక్కలు చూడటానికి వచ్చిన ఆడిటర్ గారితో మాటల్లో ఈ సంగతి అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, "చేపలూ రొయ్యలూ పెంచడం వ్యవసాయం కాదండీ. ఆ లీజుకి పన్ను పడుతుంది" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నోటీసంటూ వస్తే మావయ్య పేరునే వస్తుంది, నా పేరున కాదు. డిసెంబరు 31 గడువు దాటకముందే రివైజ్డ్ రిటర్ను (తప్పు సరిదిద్దిన రిటర్ను) వేశాను. రీఫండ్‌లో సగానికి పైగా పోయింది.

చెప్పడానికి వెళితే మావయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చెరువైనా మన పొలమేగదరా అల్లుడూ అన్నది నేనేగా" అన్నారు. ఆ మాట నాకింకా బరువుగానే ఉంది.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. వెరిఫై చేసే ఓటీపీ ఆయన ఫోనుకే వస్తుంది. అరుగు మీద కూర్చుని, కళ్లజోడు సర్దుకుని ఒక్కో అంకే చదువుతారు. అంతకన్నా ముందు ఏ ఆదాయం ఎక్కడ చూపించానో నేను మొత్తం చదివి వినిపిస్తాను. ఆయన సరేనన్నాకే ఓటీపీ అడుగుతాను. మొన్న జులైలో పక్కింటాయన రొయ్యల చెరువు లెక్కలు పట్టుకొస్తే, ఆడిటర్ గారి నంబరు రాసిచ్చి పంపాను.