పొగాకు బ్యారన్ గొట్టాలు: అతుకు మేలా, ముక్క మార్పా, సెట్టంతా కొత్తదా?

కొండపి, కందుకూరు, పొదిలి, డీసీపల్లి ఎటు చూసినా పొగాకును వేడితో ఆరబెట్టే గదిలో, అంటే బ్యారన్‌లో, ఆఖరి విడత ఆకు దించాక తలుపేసి వెళ్లిపోవడమే రైతుల అలవాటు. రెలుపులు, అంటే ఆకు కోతలు, దగ్గర పడ్డాకే పొయ్యి పొగను చిమ్నీ దాకా తీసుకెళ్తూ బ్యారన్‌ను వేడెక్కించే గొట్టాలు గుర్తొస్తాయి. తీరిక ఉండదు కాబట్టి కనిపించిన చిల్లు మీద రేకుముక్క పెట్టి వెల్డింగ్ చేయించేస్తారు. అది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో ముందే తెలిస్తే ఆకు దక్కుతుంది.

ముందు గొట్టం నిజంగా అరిగిందో, మసి పట్టిందో తేల్చుకోవాలి. పొయ్యి నోట్లోంచి పొగ వెనక్కి తంతున్నా, కట్టె ఎంత వేసినా వేడి ఈనె ఆరే 160 డిగ్రీల ఫారన్‌హీట్‌కు ఎక్కకపోయినా ముందు అనుమానించాల్సింది మసినే. మసి పొర వేడిని రేకు దాటనివ్వదు. మలుపుల్లో బూడిద పేరుకుంటే చిమ్నీ లాగదు. అందుకే శుభ్రంగా ఊడ్చాకే గొట్టం మీద తీర్పు చెప్పాలి.

బ్యారన్‌లో పొగ కనపడలేదని గొట్టం బాగుందనుకోవద్దు. చిమ్నీ బాగా లాగుతున్నప్పుడు చిల్లు పొగను వదలదు, బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. పచ్చికట్టె వేసినప్పుడో, గాలి తిరగబడినప్పుడో పొగ తన్నుతుంది. ఆకుకు పొగ వాసన పట్టిందంటే వేలంలో రేటు పోయినట్టే. పైగా వేడి చూడ్డానికి లోపలికి వెళ్లే మనిషికి ఆ పొగ ప్రమాదం.

పరీక్షకు చీకటి, బల్బు చాలు. గొట్టంలోకి బల్బు దించి, బ్యారన్ తలుపు మూసి చూస్తే సూదిమొనంత చిల్లు కూడా మెరుస్తుంది. కానీ చిల్లు పడబోయే చోటును వెలుగు చూపదు. దానికి చిన్న సుత్తే మేలు: మంచి రేకు ఖంగుమంటుంది, పలచబడింది మొద్దుగా మోగి సొట్ట పోతుంది. పైభాగంతో ఆగకుండా అడుగున కూడా కొట్టి చూడాలి. బూడిద నిలిచేది అక్కడే.

రెండు కొసలూ రెండు రకాలుగా పోతాయి. పొయ్యి పక్కనున్న మొదటి ముక్క ఎర్రగా కాలి పెళ్లలు పెళ్లలుగా రాలుతుంది. చిమ్నీ వైపు కొస వేడికి కాదు, తడికి పోతుంది: పచ్చికట్టె ఆవిరి, తారు అక్కడ చల్లబడి అంటుకుంటాయి. ఊడ్చకుండా వదిలిన బూడిద ఈశాన్య రుతుపవనాల తేమను పీల్చి రేకును అడుగు నుంచి తినేస్తుంది. టంగుటూరు, సింగరాయకొండ వైపు ఉప్పుగాలి తోడవుతుంది కాబట్టి కనిగిరి కంటే అక్కడ మరింత జాగ్రత్త కావాలి.

ఇక ఏది మేలంటే, అతుకు నడిమి గొట్టాలకే. చిల్లు ఒంటరిదై, చుట్టూ రేకు గట్టిగా మోగితే, మంచి రేకు మీదికి రెండంగుళాలు వచ్చేలా అతుకు వేయించవచ్చు. పలచబడ్డ రేకును వెల్డింగ్ పట్టుకోదు, కరిగి చిల్లు ఇంకా పెద్దదవుతుంది.

మొదటి ముక్కకు మాత్రం అతుకు వద్దే వద్దు. ఈనె ఆరే దశలో ఆకు కరకరలాడుతుంటుంది. ఆకు కట్టిన కర్ర ఒక్కటి గొట్టం మీదికి జారి, చిల్లులోంచి నిప్పురవ్వ తగిలితే బ్యారన్ మొత్తం కాలిపోతుంది. ఆ ముక్కను నిండుగా మార్చి, మిగతావాటి కంటే మందం రేకు వేయించాలి. మిగతాది 18 గేజ్, అంటే 1.2 మిల్లీమీటర్లయితే, ఇక్కడ 14 గేజ్, 2 మిల్లీమీటర్లది. జింకు పూత రేకు ఈ చోట వద్దు, పూత కాలిపోతుంది, వెల్డింగ్‌లో వచ్చే పొగ మనిషికి హాని. చిమ్నీ కొస తుప్పుకు పోతే దానికీ ముక్క మార్పే.

సెట్టంతా మార్చాల్సింది సుత్తి దెబ్బకు సగానికి పైగా ముక్కలు మొద్దుగా మోగినప్పుడే. ఒకటి రెండు ముక్కలకే సెట్టంతా తీసేయడం డబ్బు దండగ. అంతకంటే ఆ సొమ్ములో కొంత పెట్టి ఎండు సుబాబుల్, సరుగుడు కట్టె ముందే కొని నిలవేసుకుంటే ఉన్న గొట్టాల ఆయుష్షు పెరుగుతుంది.

కొత్త ముక్క బిగించేటప్పుడు రెండు కొసలా వెల్డింగ్ చేయించకండి. పదడుగుల ఇనుము 400 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే అర అంగుళం పైచిలుకు సాగుతుంది. సాగే చోటు లేకపోతే పొయ్యి ఇటుక పగులుతుంది, లేదా వెల్డింగ్ చీలుతుంది. ఒక కొసను పక్క గొట్టంలోకి దోపి, సందును బంకమట్టితో మెత్తి వదలండి. ఏటా ఆ మట్టిని కొత్తగా మెత్తాలి.