గ్లాసులో బుడగలు చూసి ఆక్సిజన్ మెషిన్ కొనకండి

విజయవాడ, గుంటూరు వైపు ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్న పిల్లల్ని, పెద్దవాళ్లని చూసుకుంటున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సెకండ్‌హ్యాండ్ కాన్సన్‌ట్రేటర్ (గదిలో గాలి నుంచి ఆక్సిజన్ వేరుచేసి ఇచ్చే మెషిన్) కొందామనుకుంటుంటే డబ్బు కట్టే ముందు ఇది చదవండి. మేం 26 వేలు పోసి తెచ్చుకున్న మెషిన్, పాపకి బాగా అవసరమైన రాత్రి ఆక్సిజన్‌కి బదులు సగానికి సగం ఉత్త గాలి ఊదింది. ఆ సంగతి మాకు అర్ధరాత్రి దాటాక, పాప పెదాలు రంగు మారాక తెలిసింది.

మా చిన్నది 2022లో 26 వారాలకే పుట్టింది. 840 గ్రాములు. మూడు నెలలు బాక్స్‌లోనే ఉంది. ఊపిరితిత్తులు పూర్తిగా ఎదగలేదు, ఫిట్స్ ఉన్నాయి, నోటితో మింగలేదు కాబట్టి పొట్టకి పెట్టిన ట్యూబ్ ద్వారానే ఫీడ్. పగలు మామూలు గాలితో నెట్టుకొస్తుంది, రాత్రి పడుకున్నప్పుడు మాత్రం ముక్కు పైపుతో నిమిషానికి ముప్పావు లీటరు ఆక్సిజన్ ఉండాల్సిందే. జలుబు చేస్తే పగలూ రాత్రీ కావాలి. మా పెద్దాడికి ఏడేళ్లు. మిగతా పిల్లలు స్కూల్లో అంకెలు నేర్చుకుంటే వీడు రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే ఆక్సిమీటర్ మీద నేర్చుకున్నాడు. "అమ్మా, 94" అంటే వాడి మొహంలో ఏమీ ఉండదు, "అమ్మా, 91" అంటే గొంతు మారిపోతుంది.

మాకు మొదట కొత్త మెషినే ఉండేది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మా ఇంట్లో నడుము లోతు నీళ్లొచ్చాయి. పాపని మా ఆయన, ఆక్సిజన్ సిలిండర్‌ని మా మరిది భుజాన వేసుకుని పై వాటాకి ఎక్కారు. మెషిన్ కిందే మునిగిపోయింది. తర్వాత ఏడాది పాటు నెలకి నాలుగు వేలు అద్దె కట్టాం. పన్నెండు నెలల అద్దె లెక్కేసుకుంటే కడుపు మండిపోయింది. అప్పుడే సెకండ్‌హ్యాండ్ ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన తప్పని ఇప్పటికీ అనను. మంచి పాత మెషిన్లు ఉంటాయి, నాకు తెలిసిన ఇద్దరు తల్లులు అవే వాడుతున్నారు. మేం తప్పు చేసింది కొన్న తీరులో.

దసరా ముందు ఊళ్లోనే ఒక సర్జికల్ షాపుకి వెళ్లాం. పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. నిమిషానికి ఐదు లీటర్లు ఇచ్చే మెషిన్ చూపించాడు. బయట బాడీ తళతళలాడుతోంది, ఫిల్టరు కొత్తది. ఎన్ని గంటలు నడిచిందో చూపించే మీటర్ మీద 312 గంటలు. అంటే రోజంతా వేసినా పదమూడు రోజులు వాడిన సరుకు. "కోవిడ్ టైంలో ఒకాయన వాళ్ల నాన్నగారి కోసం కొన్నారమ్మా, నెల కూడా వాడలేదు" అన్నాడు. నమ్మబుద్ధి అయ్యే మాటే. 2021లో సెకండ్ వేవ్ అప్పుడు ఎంతమంది ఈ మెషిన్లు కొని మూలన పడేశారో అందరం చూశాం కదా.

తర్వాత గ్లాసుడు నీళ్లు తెప్పించి, మెషిన్ ఆన్ చేసి, పైపు కొస నీళ్లలో పెట్టాడు. బుడబుడమని బుడగలు. "చూశారా, ఫోర్సు ఎలా ఉందో!" అన్నాడు. మా అత్తయ్య అయితే ఆ బుడగలు చూసి దణ్ణం పెట్టుకుంది. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు. సైకిల్ పంపు పైపు నీళ్లలో పెట్టి కొట్టినా బుడగలొస్తాయన్న ఆలోచన అక్కడున్న నలుగురిలో ఒక్కరికీ రాలేదు.

బిల్లు అడిగితే "బిల్లయితే జీఎస్టీ పడుద్దమ్మా, మీకే నష్టం" అని ఒక ఎస్టిమేట్ చీటీ మీద '1 మెషిన్, 26,000' అని రాసిచ్చాడు. సీరియల్ నంబరు లేదు, సంతకం లేదు. వారంటీ సంగతి అడిగితే "అమ్మవారి సాక్షిగా చెప్తున్నా, ఏమొచ్చినా నాదీ పూచీ" అన్నాడు. దసరా రోజులు, ఎదురుగా గోడకి దుర్గమ్మ పటం. ఇక అడిగేదేముంది? నాలుగు వేలు చేతికిచ్చి, మిగతా 22 వేలు మా ఆయన ఫోన్‌పే చేశారు. ఫోన్‌పే చేయడం ఒక్కటే ఆ రోజు మేం చేసిన తెలివైన పని.

నెలరోజులు ఏ ఇబ్బందీ లేదు. నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇదే, కాస్త ఓపికగా చదవండి. పాపకి పెట్టేది ముప్పావు లీటరు. ఆ కొద్దిపాటి ధారకి పాడైన మెషిన్ కూడా ఎలాగో సర్దుకుంటుంది. రాత్రిళ్లు 94, 95 కనిపించేవి. మేం హాయిగా పడుకునేవాళ్లం.

కార్తీకంలో చలి మొదలైన వారం పాపకి జలుబు చేసింది. రాత్రి ఒకటిన్నరకి ఆక్సిమీటర్‌లో శాచురేషన్ 89. ఇంతకంటే తగ్గకూడదని డాక్టరుగారు పెట్టిన గీత 92. నాబ్ తిప్పి ఒక లీటరు చేశాను, తర్వాత ఒకటిన్నర, రెండు, మూడు. ఎన్ని లీటర్లు వస్తోందో చూపించే గాజు గొట్టంలో బంతి చక్కగా పైకి లేస్తోంది, మెషిన్ శబ్దంలో తేడా లేదు, అలారం లేదు. అంకె మాత్రం 88, 87. ఆక్సిమీటర్ ప్రోబ్ జారిందేమోనని కాలి బొటనవేలి నుంచి తీసి రెండో కాలికి పెట్టాను. ముక్కు పైపు మార్చాను. కఫం అడ్డుపడిందేమోనని సక్షన్ చేశాను. "మెషిన్ బాగానే ఊదుతోందిగా, పిల్లకే ఏదో అయింది" అని అత్తయ్య ఏడుపు మొదలుపెట్టింది. నేనూ అదే అనుకున్నాను. మెషిన్ మీద అనుమానమే రాలేదు.

మా ఆయన మంచం కింద నుంచి చిన్న సిలిండర్ లాగి, రెండు లీటర్లు పెట్టి, పైపు దానికి మార్చారు. ఐదు నిమిషాలు పట్టలేదు, 94. అందరం మెషిన్ వంక చూశాం. అది ఇంకా ఊదుతూనే ఉంది.

108కి ఫోన్ చేశాం. నాలుగు రోజులు ఐసీయూలో ఉంది పాప. న్యుమోనియా మొదలైంది, అది మెషిన్ వల్ల వచ్చింది కాదు, ఆ మాట నిజాయితీగా చెప్పాలి. కానీ సిలిండర్ లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోలేను. డ్యూటీ డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న "మీ కాన్సన్‌ట్రేటర్ ప్యూరిటీ ఎప్పుడు చెక్ చేయించారు?" మూడేళ్లుగా ఈ పిల్లని పెంచుతున్నాను, ఫిట్స్ మందు డోసు ఎంఎల్ పొల్లుపోకుండా చెప్పగలను. ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

డిశ్చార్జి అయ్యాక గుంటూరు నుంచి ఒక పెద్దాయన్ని పిలిపించాం. ఆస్పత్రుల మెషిన్లు రిపేరు చేస్తారు. జేబులోంచి ఆక్సిజన్ ఎంత శాతం వస్తోందో (అదే ప్యూరిటీ) కొలిచే చిన్న ఎనలైజర్ తీసి పైపు కొసకి తగిలించారు. అరగంట నడిపాక ఒక లీటరు దగ్గర 88 శాతం. రెండు లీటర్లకి 74. మూడుకి 61. ఐదు లీటర్లు పెడితే 47. "మంచి మెషిన్ అయితే ఐదు దగ్గర కూడా 90 దాటి చూపించాలమ్మా" అన్నారు.

ఆయన చెప్పాక నాకు అర్థమైంది ఇది. ఈ మెషిన్ ఆక్సిజన్ పుట్టించదు. గదిలో గాలినే లాక్కుంటుంది. అందులో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. లోపల రెండు డబ్బాల నిండా జియోలైట్ గుళికలుంటాయి, అవి నైట్రోజన్‌ని పట్టేసి ఆక్సిజన్‌ని వదులుతాయి. ఒక డబ్బా పనిచేస్తుంటే రెండోది పట్టిన నైట్రోజన్‌ని కక్కేస్తుంటుంది, మనకి వినిపించే ఆ 'బుస్సు' చప్పుడు అదే. గుళికలకి తేమ పడదు. మెషిన్ వాడకుండా ఏళ్ల తరబడి మూలన పడేస్తే మన కృష్ణ ఒడ్డు గాలిలోని తేమ లోపలికి చేరి గుళికలు చచ్చిపోతాయి. అప్పుడు కంప్రెషర్ బాగానే తిరుగుతుంది, గాలి బాగానే వస్తుంది, బంతి బాగానే లేస్తుంది, బుడగలూ బాగానే వస్తాయి. అంటే "నెల కూడా వాడలేదు" అని అతను గొప్పగా చెప్పిన మాటే, నిజమైతే, భయపడాల్సిన మాట. పైగా అదీ నిజం కాదు. కంప్రెషర్ అరుగుదల చూసి, ఇది వేల గంటలు నడిచిన మెషిన్, గంటల మీటర్ తర్వాత మార్చారు అన్నారాయన.

ఇక్కడిదాకా మోసం అనుకుందాం. తర్వాత ఆయన చూపించినదానికి నాకు చేతులు వణికాయి. ప్యూరిటీ పడిపోతే, సాధారణంగా 82, 85 శాతం దగ్గర, మెషినే అలారం కొట్టాలి. మా దాంట్లో బజర్ వైరు కత్తిరించి, కొసకి నల్ల టేపు చుట్టి ఉంది. పాడైందని తెలియకుండా అమ్మిన సరుకు కాదిది. అరవకుండా గొంతు కోసి అమ్మారు.

షాపుకి వెళ్తే మొదట "వాడడం రాక పాడుచేశారు" అన్నాడు. రీడింగులు చూపిస్తే "సెకండ్‌హ్యాండ్‌కి గ్యారంటీ ఏంటి మేడం" అన్నాడు. దసరాలో అమ్మని, ఇప్పుడు మేడం అయ్యాను. చివరికి "మీ పాప కండిషనే అంత కదా" అన్నాడు. మా ఆయన చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

కొనేవాళ్లు ఇలా చేయండి. మెషిన్ ఆన్ చేసి కనీసం అరగంట నడవనివ్వండి, మొదటి నిమిషాల రీడింగ్ లెక్కలోకి రాదు. ఫ్లో ఐదుకి పెట్టించి, ఎనలైజర్‌తో కొలిపించండి. మీ పిల్లకి అర లీటరే చాలు కాబట్టి అర లీటరు దగ్గర చూసుకుంటే చాలనుకోవద్దు, మేం దెబ్బతిన్నది అక్కడే. 90 దాటకపోతే లేచి వచ్చేయండి. ఎనలైజర్ లేదంటే ఆ షాపులో కొనక్కర్లేదు. తెచ్చి చూపించడానికి రిపేరు మనిషికి ఐదారు వందలిచ్చినా నష్టం లేదు. నడుస్తుండగా కరెంటు ప్లగ్గు పీకేయమనండి, చాలా మెషిన్లు కరెంటు పోతే కూత పెట్టాలి. కూయకపోతే కారణం అడగండి. లేబుల్ మీద తయారీ సంవత్సరం, సీరియల్ నంబరు, తయారుచేసినవాళ్ల లేదా దిగుమతిదారు చిరునామా ఉన్నాయో లేదో చూడండి. మా దానికి ఒక స్టిక్కర్ మీద ఇంకో స్టిక్కర్ ఉంది, గోరుతో గీకితే తెలిసేది. గీకలేదు.

బిల్లు మాత్రం వదలకండి, జీఎస్టీ కట్టయినా సరే. సీరియల్ నంబరు అందులో రాయించండి. పాడైన వస్తువుని వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వడానికి ఒప్పుకోకపోతే, బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువు లోపల, లేకపోతే 30 రోజుల లోపల, అది 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. మాకు ఆ 30 రోజులు దాటిపోయాయి. అయినా లోపం ఉన్న సరుకు అమ్మినందుకు రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. మేం ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాం, ఇప్పుడు కమిషన్‌లో వేశాం. ఎస్టిమేట్ చీటీ, ఫోన్‌పే రసీదు, రిపేరు ఆయన రాసిచ్చిన రీడింగులు, కత్తిరించిన వైరు వీడియో, ఇవే మా సాక్ష్యాలు.

ఎంత మంచి మెషిన్ ఉన్నా పక్కన సిలిండర్ ఉంచుకోండి. బి టైప్ చిన్న సిలిండర్ నిండుగా ఉంటే దాదాపు 1500 లీటర్లు. నిమిషానికి రెండు లీటర్లు వాడితే పన్నెండున్నర గంటలు. నింపించిన తేదీ చాక్‌పీసుతో దాని మీదే రాయండి. వారానికోసారి సిలిండర్ వాల్వ్ తిప్పి రెగ్యులేటర్ మీద ముల్లు ఎక్కడుందో చూడండి, వాడకపోయినా లీకైపోతుంటాయి.

ఇప్పుడు మళ్లీ అద్దె మెషినే. తెచ్చిన రోజే ఐదు దగ్గర కొలిపించాం, 94 వచ్చింది. పాప కోలుకుంది, మళ్లీ ముప్పావు లీటరుకి వచ్చింది, నిన్న వాళ్లన్నయ్య జుట్టు పట్టుకుని వదల్లేదు.

వారం క్రితం ఆ షాపు నుంచి ఫోన్ వచ్చింది. "ఆ మెషిన్ ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయండి, 15 వేలు తగ్గించి వేరేది ఇస్తాను" అన్నాడు. 15 వేలు మాకు చిన్న మొత్తం కాదు. మా ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, "తీసుకెళ్లి ఏం చేస్తారు?" అని అడిగారు. అవతల నుంచి సమాధానం రాలేదు. మెషిన్ వరండాలోనే ఉంది. దాని మీద 'పనిచేయదు' అని స్కెచ్ పెన్‌తో పెద్దాడు రాసిన కాగితం అంటించి ఉంది.