కరోకే మైకు కొనే ముందు ఎకో సున్నాలో పెట్టి పాడి చూడండి

కడప వై.వి. స్ట్రీటులో ఎలక్ట్రానిక్స్ కొట్లలో కనిపించే బ్లూటూత్ కరోకే మైకు గురించి ఈ సమీక్ష. పైన జాలీ తల, పిడిలోనే స్పీకరు, మధ్యలో నాలుగైదు మీటలు. పాట వచ్చినా నలుగురి ముందు గొంతు పెగలని వాళ్లకు ఇది పనికొస్తుందా? వస్తుంది, కానీ కొట్టులో చూపించిన పద్ధతిలో వాడితే మాత్రం చెడ్డ అలవాట్లు అంటుకుంటాయి.

ముందు మంచి చెప్పుకుందాం. స్పీకర్లో తన గొంతు తనకే కొత్తగా వినిపించి బిగుసుకుపోవడం తొలిసారి వేదికెక్కిన వాళ్లకు మామూలే. ఇంట్లో రోజూ మైకు పట్టుకుంటే ఆ బెరుకు పోతుంది, దూరం కూడా చేతికి అలవాటవుతుంది. మామూలుగా నోటికి మూడు వేళ్ల దూరం, పై స్థాయిలో గట్టిగా అందుకునేటప్పుడు జానెడు. మరీ ఆనించి పాడితే గొంతులోని మంద్రం (బేసు) ఉబ్బిపోయి మాట మసకబారుతుంది. ప, ఫ, భ అక్షరాల దగ్గర గాలి టప్పుమని తగులుతుంది, మైకు కాస్త పక్కకు వంచితే తగ్గుతుంది. జాలీని గుప్పిట్లో మూయకండి. మైకూ స్పీకరూ ఒకే పిడిలో ఉన్నాయి కాబట్టి వెంటనే కీచుమంటుంది.

అసలు చిక్కు ఎకో. కొట్టులో దాన్ని బాగా పెంచి చేతికిస్తారు, ఎవరు పాడినా నిండుగా ఉంటుంది. పాడేసిన స్వరమే మళ్లీ మళ్లీ మోగుతుంటే, ఇప్పుడు పాడుతున్న స్వరం శ్రుతిలో ఉందో కాస్త కిందికి జారిందో చెవికి అందదు. పాదం చివర దీర్ఘం మధ్యలో తెగినా ఎకో పూడ్చేస్తుంది. ఇలా అలవాటు పడ్డవాళ్లు ఎకో లేని మైకు ముందు నిలబడితే ‘చందమామ’లో చివరి ‘మ’ మింగేస్తారు. ఊపిరి అక్కడిదాకా మిగల్చడం వాళ్లకు అలవాటే కాలేదు. 1885లో ఈ జిల్లాలోని సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజపు నటులు మైకుల్లేని రోజుల్లో హార్మోనియం శ్రుతికి పద్యం ఎత్తుకునేవారు. వెనక వరుసకు మాట చేరాలంటే పాదాంతంలో ఊపిరి నిలవాల్సిందే. కాబట్టి కనీసం నెల రోజులు ఎకో సున్నాలోనే పెట్టండి. తర్వాత కావాలంటే పావు వంతు చాలు.

ఇంకో సంగతి శ్రుతి. కరోకే ట్రాకులు, అంటే గొంతు లేకుండా వాయిద్యాలే ఉన్న పాటలు, చాలావరకు అసలు గాయకుడి శ్రుతిలోనే దొరుకుతాయి. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాటను ఆయన శ్రుతిలోనే అందుకోబోయి మెడ నరాలు పొంగించుకునే కుర్రాళ్లు ఊరూరా ఉన్నారు. గొంతు బిగిస్తే సొంత నాదం బయటికి రాదు, అనుకరణే మిగులుతుంది. ముందు మీ శ్రుతి పట్టుకోండి. ఫోన్లో తంబూరా యాప్ పెట్టి, మగవాళ్లు 1 శ్రుతి (హార్మోనియం మీద C) దగ్గర, ఆడవాళ్లు 5 (G) దగ్గర మొదలుపెట్టి, అకారంతో మంద్ర పంచమం (కింది స్థాయి ప) దాకా దిగి తార పంచమం (పై స్థాయి ప) దాకా ఎక్కండి. కింద స్వరం వట్టి గాలిగా మారితే అర శ్రుతి పెంచండి. పైన గడ్డం లేస్తే అర శ్రుతి తగ్గించండి. రెండు వైపులా కష్టమైతే ప్రస్తుతానికి తార మధ్యమం (పై స్థాయి మ) దగ్గర ఆగండి, పంచమం సాధనతో వస్తుంది.

ట్రాకును కూడా శ్రుతి మార్చే యాప్‌తో ఆ మేరకు జరుపుకోవచ్చు. 1 నుంచి 1½కి, అంటే అర శ్రుతికి, ఒక మెట్టు. మధ్యలో 3½ లేదు కాబట్టి 3 నుంచి 4కి కూడా ఒకటే మెట్టు, లెక్క తప్పేది ఇక్కడే. మూడు నాలుగు మెట్లు దాటితే వాయిద్యాల నాదం చెడుతుంది, అలాంటి పాట తంబూరాతోనే పాడుకోవడం మేలు.

ఫోన్ యాప్‌లో ఈ మైకుతో బ్లూటూత్ మీద రికార్డు చేస్తే గొంతు తాళం కంటే వెనకబడి వినిపిస్తుంది. ఆలస్యం బ్లూటూత్‌ది. అది తెలియక తమకు తాళజ్ఞానం లేదని కుంగిపోయేవాళ్లున్నారు, వాళ్లకు ఇది గట్టిగా చెప్పాలి. మైకు ఆపేసి, ఫోను రెండు గజాల దూరంలో పెట్టి, ఒక్క పల్లవి రికార్డు చేసి మర్నాడు వినండి. ఒకసారి మాటల కోసం, ఒకసారి పాదాంతాల కోసం, ఒకసారి అసలు గాయకుడి విరుపులు ఎక్కడ దొర్లాయో చూడటానికి. తర్వాత సాహిత్యం కాగితం మీద రాసుకుని, అర్థం తెగని చోట్ల మీ ఊపిరి గుర్తులు పెన్సిల్‌తో పెట్టండి. అదే పల్లవిని గమకాలేమీ (స్వరాన్ని ఊపి పలికే ఒంపులు) లేకుండా ఒకసారి, మీకు సహజంగా వచ్చినంత గమకంతో ఇంకోసారి పాడండి. ఆ రెండో దాంట్లో మీ బాణీ కొద్దికొద్దిగా తెలుస్తుంది.

కొన్ని మోడళ్లలో పాటలోంచి గొంతు తీసేసే మీట ఉంటుంది. ఎడమ, కుడి చానళ్లలో సమానంగా ఉన్న శబ్దాన్ని కొట్టేయడమే అది చేసే పని. గొంతుతోపాటు డ్రమ్ములు, బేసు కూడా పలచబడతాయి. రెండు చానళ్లలోనూ ఒకే శబ్దం ఉండే ఘంటసాల కాలపు మోనో పాటల మీద నొక్కితే దాదాపు ఏమీ మిగలదు. ఆడ, మగ గొంతు మార్చే మీట జోలికి అసలు వెళ్లొద్దు.

కొనేటప్పుడు ట్రాకు ఆపించి, ఎకో సున్నా చేయించి ‘స, ప, స’ పాడి చూడండి. బుస్సుమనే శబ్దం ఎక్కువుంటే ఇంకోటి అడగండి. మే నెల ఎండలో కారులో వదిలేస్తే బ్యాటరీ పాడవుతుంది. వేదిక మీద పాడటమే లక్ష్యమైతే ఈ డబ్బుకు ఇంకొంత కలిపి కేబుల్ ఉన్న డైనమిక్ మైకు, చిన్న ఆంప్లిఫయరు తీసుకోండి.