అసగాయలో మూడు సాయంత్రాలు

టోక్యోలో రాత్రి షికారు అనగానే అందరూ షింజుకు పేరే చెబుతారు. మేము కూడా మొదటి రాత్రి అక్కడి గోల్డెన్ గాయ్ అనే చిన్న బార్ల సందుల్లోనే తిరిగాము. తాగేవారి కంటె ఫొటోలు తీసేవారే ఎక్కువగా కనిపించడంతో, తక్కిన మూడు సాయంత్రాలనూ సుగినామి వార్డులోని అసగాయకు కేటాయించాము. మా బావగారు ఎనిమిదేళ్లుగా నిషికసాయిలో ఉంటున్నారు. మన వాళ్లు ఎక్కువగా కాపురముండే ఆ పేట నుంచి తోజాయ్ రైలు మార్గంలో మితాకా వైపు వెళ్లే రైలెక్కితే, ఎక్కడా మారనక్కరలేకుండా సుమారు 40 నిమిషాల్లో అసగాయలో దిగవచ్చు. షింజుకు నుంచి వచ్చేవారు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. శని, ఆదివారాల్లోను సెలవు రోజుల్లోను చువో మార్గంలోని రాపిడ్ (కొన్ని స్టేషన్లలోనే ఆగే) రైళ్లు ఇక్కడ ఆగవు కనుక పసుపు చారల లోకల్ ఎక్కాలి. శనివారం నాడు నేను ఒక్కడినే నారింజ చారల రాపిడ్ రైలెక్కి, అసగాయ దాటిన తరవాతి స్టేషను ఒగికుబో దాకా పోయి వెనక్కి వచ్చాను.

నేను దిగిన చిన్న హోటలు స్టేషనుకు దగ్గరే. పెట్టె తెరిస్తే కాలు పెట్టే చోటు ఉండదు గాని, శుభ్రతకు వంక పెట్టలేము. అయితే రైలు పట్టాలు వంతెన మీదుగా పోతాయి కాబట్టి, నిద్ర పలచగా పట్టేవారు పట్టాలకు దూరంగా ఉన్న గది అడగడం మంచిది.

సాయంత్రాన్ని దక్షిణం వైపున్న పర్ల్ సెంటర్‌లో మొదలుపెట్టాలి. సుమారు 700 మీటర్ల పొడవున పైకప్పు వేసిన ఈ బజారులో 1954 నుంచి ఆగస్టు నెలలో తనబతా అనే నక్షత్రాల పండుగ జరుగుతోంది. మిగతా రోజుల్లో ఇది కూరలు, టీ ఆకు, ఊరగాయలు కొనుక్కుని ఇళ్లకు పోయేవారి దారి మాత్రమే. చీకటి పడ్డాక స్టేషనుకు ఉత్తరం వైపు వచ్చి, పట్టాల పక్కగా సాగే స్టార్ రోడ్‌లోకి తిరిగితే, ఎర్ర కాగితపు లాంతర్లు వేలాడే, మద్యమూ తిండీ దొరికే చిన్న కొట్లు వరసగా కనిపిస్తాయి.

మేము వెళ్లిన కొట్టులో ఎనిమిది కుర్చీలు, ఒక బల్ల, దాని వెనక డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడ. తలుపు పక్కకు జరిపి, ఇద్దరమని రెండు వేళ్లు చూపించాలి. చోటు లేకపోతే ఆవిడ రెండు చేతులూ అడ్డంగా పెట్టి చూపిస్తారు, అందులో అవమానమేమీ లేదు. నలుగురైదుగురు కలిసి వెళ్లేవారికి ఈ వీధి పనికిరాదని నా అభిప్రాయం, ఎందుకంటే ఐదుగురు కూర్చుంటే రోజూ వచ్చేవారికి చోటుండదు. కూర్చోగానే అడగకుండా ఒక చిన్న గిన్నె ముందు పెడతారు. దీన్ని ఒతోషి అంటారు. బిల్లులో మనిషికి 300 నుంచి 500 యెన్ల దాకా పడే ఈ మొత్తాన్ని చాలామంది యాత్రికులు మోసమనుకుంటారు గాని, అది కుర్చీ అద్దె వంటిది. టిప్పు ఇచ్చే ఆచారం లేని దేశంలో అది నాకు న్యాయంగానే తోచింది.

శాకాహారినైన నాకు అసలు చిక్కు ఆ గిన్నెతోనే వచ్చింది. "బావగారూ, ఇందులో చేప ఉందా?" అని అడిగితే, "చేప ముక్క లేదు గాని, చేప నీళ్లున్నాయి" అన్నారు. ఎండబెట్టిన చేపను చెక్కి మరిగించిన దాషి అనే నీళ్లు ఇక్కడి వంటకు మన చింతపండు పులుసంత ప్రాణం. చల్లని టోఫూ మీద కూడా ఆ చేప పొట్టే చల్లుతారు. ఉప్పు వేసి ఉడికించిన సోయా కాయలు, దోసకాయ ముక్కలు తిని, వూలాంగ్ టీ తాగి నేను సరిపెట్టుకున్నాను. బావగారు షోచూ అనే ఘాటు సారాయిలో హోప్పీ అనే బీరు వంటి పానీయం కలుపుకుని తాగారు. 2020 నుంచి హోటళ్లలో పొగ తాగడంపై కట్టడి ఉన్నా, ఇలాంటి చిన్న కొట్లలో చాలావాటికి మినహాయింపు ఉంది, కాబట్టి చొక్కా మర్నాడు ఉతకవలసిందే.

రెండో రాత్రి 'సునక్కు' అనే రకం బారుకు వెళ్లాము. మామా అని పిలిపించుకునే యజమానురాలు, కరవోకే, పేర్లు రాసి దాచుకున్న పాత ఖాతాదారుల సీసాలు, అన్నీ ముచ్చటగానే ఉన్నాయి గాని, గంట తరవాత ఇద్దరికీ కలిపి 7,000 యెన్ల బిల్లు వచ్చింది. తలుపు మీద ధర రాసి లేదు. "అడగకుండా కూర్చోవడం మన తప్పే" అన్నారు బావగారు. నాకు మాత్రం ఇంకా పూర్తిగా ఒప్పుదల కాలేదు.

మూడో రోజు ముందుగా పక్క స్టేషను కోయెంజిలోని కొసుగియుకు వెళ్లాము. 1933 నాటి ఈ స్నానశాలలో మేము మనిషికి 550 యెన్లు ఇచ్చాము. పాలరంగు వేడినీళ్ల తొట్టి ఇక్కడి ప్రత్యేకత. గురువారం సెలవు. ఒంటి మీద నూలుపోగు లేకుండా దిగాలన్నది మొదట నన్ను వెనక్కి లాగినా, ముందుగా ఒళ్లు రుద్దుకుని దిగే పెద్దలను చూసి నేనూ అలాగే చేశాను. ఈ యాత్రలో పెట్టిన ప్రతి యెన్‌కూ ఇంతటి ప్రతిఫలం ఇచ్చిన చోటు మరొకటి లేదు.

అక్కడి నుంచి మళ్లీ ఆ ఎనిమిది కుర్చీల కొట్టుకే వచ్చాము. అర్ధరాత్రి దాటిన కాసేపటికే రైళ్లు ఆగిపోతాయి. నిషికసాయి దాకా టాక్సీ తీసుకుంటే ఆ సాయంత్రం ఖర్చంతా కలిపినా దానికి సరిపోదు కనుక బావగారు గడియారం చూస్తూనే కూర్చున్నారు. పెద్దావిడ నా వైపు ఒకసారి చూసి, ఎవరూ చెప్పకుండానే చేప పొట్టు వేయని టోఫూ గిన్నె నా ముందు పెట్టి, సోయా సాసు సీసాను దగ్గరకు జరిపారు.